మూడేళ్లయ్యాక మా ఇంటి రినోవేషన్ బేరం గురించి

వైజాగ్ పెదవాల్తేరులో మా ఫ్లాట్ పాతది. రెండో అంతస్తు, 1,050 చదరపు అడుగులు, సముద్రపు గాలి నేరుగా తగిలే వైపు. 2022 ఆషాఢంలో రినోవేషన్ మొదలుపెట్టి దసరాకి ముగించాం. కాంట్రాక్టర్ మొదట ఇచ్చిన కొటేషన్ 9 లక్షల 40 వేలు. మేం సొంతంగా కొన్న సామానుతో కలిపి చివరికి అయింది 8 లక్షల 35 వేలు. లక్ష తగ్గించారా అని అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారు. ఆ ఇంట్లో మూడేళ్లు వండుకుని, మూడు వానాకాలాలు గడిపాక నాకు అనిపిస్తున్నది వేరు. తగ్గిన లక్ష మంచిదే. కానీ ఆయన తగ్గిస్తానంటే మేం వద్దన్న కొన్ని వేలే మాకు ఎక్కువ కలిసొచ్చాయి.

మొదటి కాగితం మీద ఉన్నవి ఆరు లైన్లే: కిచెన్, బాత్రూమ్‌లు, ఫ్లోరింగ్, ఎలక్ట్రికల్, సీలింగ్, పెయింటింగ్. ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. "మీరు టోటల్ చూడండి మేడమ్, అందులో ఎంతో కొంత తగ్గిద్దాం" అన్నారాయన. మేం టోటల్ జోలికి వెళ్లలేదు. ఏ పని ఎన్ని అడుగులు, అడుగు ఎంత, మెటీరియల్ ఏది, అందులో కూలి ఎంత అని విడదీసి రాసివ్వమన్నాం. "ఏటి మేడమ్, మనకి మనకి ఇన్ని లెక్కలా" అని కొంచెం నొచ్చుకున్నారు గానీ, వారం తిరక్కుండా రాసిచ్చారు. మా పై ఫ్లోర్ పిన్నిగారు అదే ఏడాది వేరే కాంట్రాక్టర్‌తో టోటల్ మీదే బేరమాడి 80 వేలు తగ్గించుకున్నారు. వాళ్ల సింక్ కింద అల్మారా ఏడాది తిరిగేసరికి ఉబ్బింది, ఇప్పుడు తలుపు మూసుకోదు. ఏ ప్లై (ప్లైవుడ్) వాడతారో రాసిన కాగితం లేదు కాబట్టి ఆవిడ గట్టిగా అడగలేకపోతున్నారు.

విడదీసి రాసిన కాగితం చేతికొచ్చాక డబ్బు ఎక్కడ తగ్గించొచ్చో దానంతటదే కనిపించింది. రేట్ల దగ్గర కన్నా కొలతల దగ్గరే ఎక్కువ కనిపించింది. పెయింటింగ్‌కి ఫ్లోర్ ఏరియాని మూడున్నర రెట్లు చేసి 3,675 అడుగులని వేశారు. అది ఉజ్జాయింపు లెక్క, చాలామంది అలాగే వేస్తారు. నేను, మా వారు టేపు పట్టుకుని గోడ గోడా కొలిచి, తలుపులు, కిటికీలు, అల్మారాల వెనక గోడలు తీసేస్తే 3,120 వచ్చింది. అడుగు 24 రూపాయల లెక్కన 13 వేలకు పైగా తేడా. ఆయన్ని కూడా ఒక గది కొలవమన్నాం. కొలిచి, ఇంక మాట్లాడకుండా అంకె దిద్దేశారు. కిచెన్‌లో ఫ్రిజ్ పెట్టే ఖాళీని కూడా అల్మారా కింద లెక్కేశారు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, అడుగు 1,350. చెక్కే లేని చోటికి 28 వేలు! అదీ తీయించాం. బెడ్‌రూమ్‌ల ఫాల్స్ సీలింగ్ అసలు వద్దనుకున్నాం. దాంతో ఇంకో 27 వేలు పోయింది. ఈ మూడింటి వల్ల ఇప్పటివరకు మాకు ఏ లోటూ కలగలేదు. గోడలు గోడల్లాగే ఉన్నాయి.

ఇక వద్దన్న తగ్గింపుల సంగతి. కిచెన్‌కి కమర్షియల్ ప్లై వేస్తే అడుగుకి 200 తగ్గుతుందన్నారు. మా కిచెన్ కొలతకి అది దాదాపు 28 వేలు, చిన్న మొత్తం కాదు. కానీ కమర్షియల్ అంటే ఐఎస్ (భారత ప్రమాణం) 303లో ఎంఆర్ గ్రేడ్, అంటే తేమకి కొంత తట్టుకుంటుంది, నీళ్లకి కాదు. ఐఎస్ 710 ప్లైని 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు. వైజాగ్ గాలిలో ఉండే తేమకి, అందులోనూ సింక్ కింద, రెండోదే కావాలని పట్టుబట్టాం. షీట్లు ఆటో నుంచి దింపినప్పుడు ఒక్కో షీటు తిరగేసి ఐఎస్‌ఐ గుర్తు, 710 అంకె చూశాకే కొయ్యనిచ్చాం. కోసి లామినేట్ అంటించేశాక లోపల ఏముందో కంటితో చూసి చెప్పడం కష్టం. గత ఏడాది సింక్ కింద పైపు వదులై రాత్రంతా నీళ్లు కారాయి. పొద్దున లేచి చూస్తే గిన్నెలు తేలుతున్నాయి. తుడిచి ఆరబెట్టాం. అడుగు చెక్క అంచు కూడా లేవలేదు.

అల్మారా తలుపుల కీళ్లు, సొరుగుల చానళ్ల విషయంలోనూ అంతే. స్టీలు అంటే అన్నీ ఒకటే స్టీలు కాదు. 202 గ్రేడ్‌లో నికెల్ తక్కువ, ఉప్పు గాలికి త్వరగా మచ్చలు పడుతుంది. 304 ఖరీదు ఎక్కువ. అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు కదా, మంచి స్టీలే" అంటారు. 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో తెలిసేదేమీ లేదు. మేం గ్రేడు కాగితం మీద రాయించుకుని కొనిపించిన కీళ్లు ఇప్పటికీ మెత్తగా మూసుకుంటున్నాయి. టవల్ రాడ్లు, హాలు సీలింగ్‌లో ప్రొఫైల్ లైట్లు మాత్రం ఆయన "నా తరఫున ఫ్రీ" అని పెట్టించారు. రాడ్ల మీద మొదటి వానాకాలంలోనే గోధుమరంగు చుక్కలొచ్చాయి, లైట్ల స్ట్రిప్పు ఏడాదికే పోయింది. ఎవరైనా ఫ్రీ అంటే, ఆ వస్తువు ఖరీదు బిల్లులో తగ్గించమని అడిగి, మీకు నచ్చినది మీరే కొనుక్కోండి.

కూలి మీద మేం పెద్దగా బేరమాడలేదు. టైల్స్ వేసిన మేస్త్రీ శ్రీకాకుళం వైపు ఆయన. ప్లాట్‌ఫామ్ అంచు దగ్గర రెండు టైళ్లని 45 డిగ్రీల కోణంలో చెక్కి కలిపారు. ఇప్పటికీ ఆ మూల మీద వేలు పెట్టి రాస్తే గీత తగలదు. అలాంటి చేతికి అడుగుకి ఐదు రూపాయలు కోస్తే ఆయన వెళ్లిపోయి ఇంకొకరు వస్తారు. తగ్గింపు వచ్చింది ముహూర్తం వల్ల. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి టీమ్ ఖాళీగా ఉంటుందని, అప్పుడే మొదలుపెడతామని మేమే అడిగాం. దానికి కాంట్రాక్టర్ సంతోషంగా 15 వేలు తగ్గించారు. వానలకి పుట్టీ, పెయింట్ ఆరడం ఆలస్యమైంది. మాకు తొందర లేదు కాబట్టి సరిపోయింది.

బాత్రూమ్‌ల వాటర్‌ఫ్రూఫింగ్‌లో రూపాయి కూడా తగ్గించమనలేదు, ఒక షరతు మాత్రం రాయించాం. కోటింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, రెండు రోజులు నీళ్లు నిలబెట్టాలి. గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, కింది ఫ్లోర్ బాబాయిగారి ఇంట్లో వాళ్ల బాత్రూమ్ సీలింగ్ చూసొచ్చేవాళ్లం. మొదటిసారి ట్రాప్ (నీళ్లు కిందికి పోయే చోటు) చుట్టూ చెమ్మ కనబడింది. మళ్లీ చేశారు, మళ్లీ నిలబెట్టారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో బాబాయిగారి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు.

కాంట్రాక్టర్ ముందుగా సగం అడ్వాన్స్ అడిగారు. మేం పది శాతం ఇచ్చి, మిగతాది స్టేజీలవారీగా, స్టేజీ పూర్తయిన రోజే సాయంత్రానికల్లా వేస్తామన్నాం, అలాగే వేశాం. కూలీలకి శనివారం డబ్బు అందాలి, ఆయన అసలు టెన్షన్ అది. అది తీరుతుందని నమ్మకం కలిగాకే మా రెండో మాటకి ఒప్పుకున్నారు: ఆయన భాగంలో ఐదు శాతం, అంటే 30 వేల చిల్లర, సంక్రాంతి దాకా మా దగ్గరే ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానలు ఇల్లు చూడాలి కదా. చూశాయి కూడా. ఒక రాత్రి ఈదురుగాలితో కొట్టిన జల్లుకి బాల్కనీ తలుపు గడప కింద నుంచి నీళ్లు హాల్లోకి వచ్చాయి. ఫోన్ చేస్తే మర్నాడే మనిషిని తీసుకుని వచ్చి, గడప టైలు లేపి, వాలు బయటికి ఉండేలా మళ్లీ పోసి, సీలెంట్ కొట్టించారు. డబ్బు పూర్తిగా ఇచ్చేసి ఉంటే అంత త్వరగా వచ్చేవారా అంటే చెప్పలేను. పని మాత్రం శ్రద్ధగా చేశారు, ఆ గడప దగ్గర మళ్లీ నీళ్లు రాలేదు.

టైల్స్, కుళాయిలు, వైర్లు మేమే కొన్నాం, షాపు బిల్లులన్నీ మా పేరునే. దాని మీద 20 వేల దాకా మిగిలింది. అసలు లాభం మాత్రం తర్వాత తెలిసింది. వంటింటి కుళాయి కారడం మొదలుపెడితే బిల్లు చూపించగానే కంపెనీ వాళ్లు లోపలి కార్ట్రిడ్జ్ ఉచితంగా మార్చారు. కాంట్రాక్టర్ తన భాగానికి బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని చెప్పారు. మేం బిల్లే తీసుకున్నాం. గ్రేడ్లు, కొలతలు, నీళ్లు నిలబెట్టే షరతు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు బాల్కనీ గ్రిల్లు మార్చాలి, పాతది తుప్పు పట్టి చేతికి పొడి రాలుతోంది. పోయిన వారం ఆయన్నే పిలిచాం. ఈసారి అడగకుండానే ఇనుము బరువు కిలోల్లో, కిలో రేటు, వెల్డింగ్ కూలి విడివిడిగా రాసి తెచ్చారు. పౌడర్ కోటింగ్, పాత గ్రిల్లు తుక్కు ఖరీదు మాత్రం రాయలేదు. ఆ రెండూ కలిపి మళ్లీ ఇమ్మన్నాం.