కడియం నుంచి తెచ్చిన ఐదు బంగినపల్లి అంట్లు

నిరుడు జూలైలో కడియం ప్రాంతంలోని ఒక నర్సరీలో ఐదు బంగినపల్లి అంటు మొక్కలను, ఒక్కొక్కటి 250 రూపాయల చొప్పున, కొన్నాను. పెరట్లో నాటి ఏడాది దాటింది. నాలుగు చక్కగా ఎదిగాయి, ఒకటి పోయింది. నాలుగు ఎందుకు నిలిచాయో, ఒకటి ఎందుకు పోయిందో అతుకు దగ్గరే తెలిసింది.

మొక్కలు చూపించిన పెద్దాయన మంచి మాట చెప్పారు. "ఆకులదేముంది బాబూ, అతుకు తడిమి చూసుకోండి" అన్నారు. నిజమే. అంటు కట్టడమంటే రెండు మొక్కలకు కావాలని గాయం చేసి, ఆ రెండు గాయాలనూ కలిపి మాననివ్వడం. వేర్లతో కింద ఉండే మొక్క వేరుమూలం, దాని మీద అతికించే కొమ్మ ముక్క పైపుల్ల. చాకు తగిలిన చోట కణాలు చచ్చి సన్నటి గోధుమరంగు పొర కడతాయి. దాని వెనుక, బెరడుకూ కర్రకూ నడుమ కేంబియం అనే పలుచని పొరలోనూ, దాని పక్కనా బతికి ఉన్న కణాలు వేగంగా విభజన చెంది, కాలస్ అనే మెత్తటి కణాల ముద్దగా పెరిగి, ఇరువైపుల నుంచీ సందును పూడుస్తాయి. పైపుల్ల చిగుళ్ల నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను ప్రభావంతో ఆ ముద్దలోనే కొన్ని కణాలు నీటిని మోసే నాళాలుగా, మరికొన్ని ఆహారాన్ని మోసే నాళాలుగా మారి, పుల్లనూ వేరుమూలాన్నీ ఒకే మొక్కగా చేస్తాయి. అంతవరకూ పుల్ల తనలోని తేమతోనే బతకాలి కనుక పాలిథిన్ పట్టీని గాలి చొరకుండా బిగిస్తారు. కొబ్బరికీ తాటికీ ఈ కేంబియం పొర లేదు. అందుకే వాటికి ఇలా అంటు కట్టరు.

పోయిన మొక్క మార్చి ఎండలు మొదలవగానే వడలిపోయింది. అతుకును నిలువునా చీల్చి చూశాను. వేరుమూలం పెన్సిలు కంటే లావుగా ఉంది, పుల్ల అందులో సగం కూడా లేదు. ఇటువంటప్పుడు పుల్లను ఒక పక్క అంచుకు ఆనించి, బెరడుకు బెరడు కలిసేలా కట్టాలి. ఇక్కడ సరిగ్గా మధ్యలో పెట్టి కట్టారు. ఒక మూల గోరంత మేర కలిసింది, మిగిలిన చోటంతా నల్లటి గీత. ఇది కట్టినవారి తొందరపాటే, మొక్క లోపం కాదు.

రెండో ఫిర్యాదు పట్టీ గురించి. ఎప్పుడు విప్పాలో ఎవరూ చెప్పలేదు. కాండం లావెక్కుతున్నకొద్దీ అది బెరడులోకి దిగి, ఆకుల్లో తయారైన చక్కెరలు కిందికి వచ్చే దారిని నొక్కేయడంతో, ఒక మొక్కకు పట్టీ పైభాగాన ఉంగరంలా ఉబ్బు వచ్చింది. బ్లేడుతో నిలువుగా గాటు పెట్టి జాగ్రత్తగా విప్పాను. రెండు నెలల్లో ఆ నొక్కు కొత్త బెరడుతో పూడింది. ఇప్పుడు వేలితో తడిమితే చిన్న గరుకు మాత్రమే తగులుతుంది.

అతుకు కింద మొలిచే చిగుళ్లను గిల్లేయాలని మాత్రం రసీదు మీద రాసిచ్చారు, అది ఎంతో మేలు చేసింది.

బతికిన నాలుగింటి పనితనం మెచ్చదగినది కనుక వచ్చే తొలకరికి మళ్లీ అక్కడికే వెళ్తాను. ఈసారి పుల్ల, వేరుమూలం ఒకే లావున ఉండి, అతుకు పైన రెండు విడతల ఆకులు ముదిరిన మొక్కలనే ఏరుకుంటాను.