పదహారు నెలలు ఉన్న ‘తాత్కాలిక’ గది: అన్నీ బాగానే ఉన్నాయి, అగ్రిమెంట్ ఒక్కటే ఇవ్వలేదు

వచ్చిన కొత్తలో ఈ గది గురించి అందరికీ గొప్పగా చెప్పింది నేనే. మహారాష్ట్రలో భివండిలో ఉన్న మావాళ్లు ఇద్దరు ముగ్గురు మేమూ వరంగల్ వచ్చేస్తామంటే, అడ్వాన్స్ అడగరు, నెల నెలా కిరాయి కడితే చాలు, మంచి మనుషులు అని ఓనర్ ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను. అది నెల రోజులు ఉన్నప్పటి మాట. 2023 జూన్‌లో దిగాం, 2024 అక్టోబరులో ఖాళీ చేశాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే నంబర్ ఇచ్చే ముందు, అగ్రిమెంట్ రాసిస్తారో లేదో మొదట అది తేల్చుకోండి అని చెప్తున్నాను.

గది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్తవాడలో ఓనర్ వాళ్ల ఇంటి పైన ఒక గది, వంటకు చిన్న జాగా, బాత్‌రూమ్, బయటి నుంచే మెట్లు. మే నెలలో స్లాబ్ కాలిపోయి రాత్రి పదకొండు దాకా లోపల పడుకోలేం, డాబా మీద నీళ్లు చల్లి చాపలు పరుచుకునేవాళ్లం. నీళ్లకు మాత్రం ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు. మేం వచ్చిన నెలన్నరకే, జూలై 27న, హంటర్ రోడ్డు వైపు కాలనీలన్నీ మునిగితే మా గదిలోకి చుక్క రాలేదు. ఇవన్నీ నిజమే, కాదనను.

మా ఆయన పదిహేనేళ్లు భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేశారు. పద్మానగర్‌లో ఉండేవాళ్లం, చుట్టూ మన తెలుగువాళ్లే. సూరత్, భివండి, షోలాపూర్ పోయిన నేతోళ్లు తిరిగి వచ్చి ఇక్కడే పని చేసుకోవాలనే కదా గీసుగొండ, సంగెం దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. అందులో ఒక కంపెనీలో పని దొరికితే, ఇక సొంత ఊరి దగ్గరే ఉందామని సామాను కట్టేశాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మొదటి ఐదు రోజులు శివనగర్‌లో ఆడపడుచు ఇంట్లో ఉన్నాం. వాళ్లవే రెండు గదులు, వాళ్లు నలుగురు. ఆమె ఏమీ అనలేదు కానీ పొద్దున బాత్‌రూమ్ దగ్గర లైను చూస్తే నాకే సిగ్గేసేది. టు-లెట్ బోర్డు కనిపించిన ప్రతి ఇంటి గేటూ తట్టాం. ఎంతమంది ఉంటారు, మీరెవరు, ముసలామె కూడా మీతోనే ఉంటుందా, ఎన్నేళ్లు ఉంటారు. చివరికి మూడు నెలల అడ్వాన్స్. ట్రాన్స్‌పోర్టుకే మా చేతిలో డబ్బు సగం అయిపోయింది.

అలాంటప్పుడు ఈ గది దొరికింది. నెలకు మూడున్నర వేలు, అడ్వాన్స్ లేదు, రేపే దిగండి అన్నారు. అగ్రిమెంట్ సంగతి మా ఆయన ఆ రోజే అడిగారు. "మూడు నెలలకే కదా తమ్ముడూ, తాత్కాలికంగా ఉండేదానికి కాగితాలెందుకు?" అన్నారు ఓనర్. మాక్కూడా సబబుగానే అనిపించింది. మంచి ఇల్లు దొరికితే మూడు నెలల్లో పోతాం అనుకున్నాం.

కాగితం లేకుండా కూడా కొన్ని పనులు అయ్యాయి, అవి ముందు చెప్తాను, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తాయి. రేషన్ ఆగలేదు. మాది మహారాష్ట్ర కేశరి కార్డు, వన్ నేషన్ వన్ రేషన్ కింద ఇక్కడి షాపులోనే వేలిముద్ర వేస్తే మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా వచ్చాయి. ఇక్కడి కార్డు వాళ్లకు ఆరు కిలోలు, ఆ ఒక్క కిలో తేడా. మొదటి నెల మిషన్ మా నంబర్ తీసుకున్నప్పుడు నేను అక్కడే దేవుడికి దండం పెట్టుకున్నాను. గ్యాస్ మాత్రం, భివండిలో సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పి కాగితం తెచ్చుకున్నా, ఇక్కడ కొత్త కనెక్షన్‌కు అడ్రస్ ప్రూఫ్ కావాలన్నారు. ఐదు కిలోల చిన్న సిలిండర్‌కు గుర్తింపు కార్డు ఒక్కటి చాలు, దాంతోనే నెట్టుకొచ్చాం. కిలో లెక్కన చూస్తే పెద్దదానికంటే ఎక్కువ పడుతుంది, అయినా పొయ్యి వెలిగింది. బడిలో హెడ్మాస్టర్ మేడం టీసీ తర్వాత తెచ్చివ్వండి అని పిల్లలిద్దర్నీ ఆ రోజే కూర్చోబెట్టారు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మావాడు భివండిలో తెలుగు మీడియమే కాబట్టి తొందరగానే అందుకున్నాడు.

ఇలా ఒక్కొక్కటీ సర్దుకుంటూ మూడు నెలలు దాటిపోయాయి. ఆధార్‌లో అడ్రస్ మార్చుకుందామని పోతే రిజిస్టరైన కిరాయి అగ్రిమెంట్ తెమ్మన్నారు. ఓనర్‌ని మళ్లీ అడిగాం. "చూద్దాం" అన్నారు. దసరా తర్వాత అన్నారు, దీపావళి తర్వాత అన్నారు.

డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సులో ఉచితం మొదలైంది. కొన్ని రోజులకు తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపించాలన్నారు. నేను పట్టించుకోలేదు, బస్సెక్కే పని నాకు తక్కువ. జనవరిలో సంక్రాంతికి అత్తమ్మ పుట్టినూరు పోదామని హన్మకొండలో పరకాల బస్సెక్కాం, అత్తమ్మ, నేను, పాప. బస్సు నిండా ఆడవాళ్లే, నిలబడేందుకు జాగా లేదు, ఎవరో అత్తమ్మకు సీటిచ్చారు. కండక్టర్ అందరి కార్డులూ చూసి జీరో టికెట్లు కొడుతూ మా దగ్గరికి వచ్చారు. అత్తమ్మ చీర కొంగులో మూట కట్టుకున్న ఆధార్ తీసి ఎంత సంబరంగా ఇచ్చిందో. ఆయన చూసి, "మహారాష్ట్ర అడ్రస్ ఉందమ్మా, ఇది చెల్లదు, టికెట్ తీసుకోవాలి" అన్నారు. మర్యాదగానే అన్నారు, ఆయన తప్పేం లేదు. అత్తమ్మకు అర్థం కాలేదు. "నేను పుట్టింది ఈడనే బిడ్డా, పరకాల పక్కనే మా ఊరు, గీ బస్సులనే తిరిగిన, నాకెందుకు చెల్లదు?" అని మళ్లీ అదే కార్డు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఊరి పేరు అడిగారు, చెప్పింది, ఆ ఊళ్లో ఎవరెవరి ఇళ్లున్నాయో కూడా చెప్పింది. వెనక సీట్లో ఆడవాళ్లు పాపం కొట్టరాదయ్యా అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తారు, చెకింగ్ వస్తే ఆయన ఉద్యోగానికే దెబ్బ. నేనే పర్సు తీసి రెండున్నర టికెట్ కొట్టించాను.

ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. అత్తమ్మ పరకాల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు బయట బతికి ఇంటికొస్తే, నువ్వు ఇక్కడిదానివి కాదని ఆమె కార్డే చెప్పింది. దిగేటప్పుడు "ఆ ఓనరుకు ఒక్క సంతకం పెట్టనీకి ఏమైతది?" అని ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అంతకు పది రోజుల ముందు ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తు నింపేటప్పుడు కూడా చిరునామా రాసే చోట నా పెన్ను ఆగిపోయింది. ఉంటున్నది కొత్తవాడ, ఆధార్‌లో ఉన్నది భివండి. కరెంటు సంగతీ అంతే. 2024 మార్చి నుంచి రెండు వందల యూనిట్ల లోపు వాడేవాళ్లకు బిల్లు మాఫీ అయింది, కిరాయిదార్లకు కూడా వర్తిస్తుంది. కానీ మాకు సొంత మీటర్ లేదు, ఓనర్ మీటర్ మీద సబ్‌మీటర్, యూనిట్‌కు పది రూపాయల లెక్కన కట్టాం. రెండు కుటుంబాలది కలిపితే రెండు వందలు దాటేది, కాబట్టి వాళ్లకూ రాలేదు. మా మీద వాళ్లేదో మిగుల్చుకున్నారని అనడం లేదు.

ఓనర్ భయం ఏమిటో తర్వాత తెలిసింది. ఇంతకుముందు ఒక కిరాయిదారు అగ్రిమెంట్ చూపించి ఏడాది పాటు ఖాళీ చేయకుండా ఏడిపించాడట. పైగదికి పర్మిషన్ లేదని కూడా ఎవరో అన్నారు, అది ఎంత నిజమో మరి. ఆయన భయం ఆయనకుంటుంది. అయినా మొదటి రోజే రాసివ్వను అని ఖరాఖండిగా చెప్పి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు. మేం అప్పుడే ఇంకో ఇల్లు వెతుక్కునేవాళ్లం.

చివరికి పని అయింది కూడా ఆ ఇంటి మనిషి వల్లే, అది కూడా చెప్పాలి. ఓనర్ ఇచ్చే కాగితం లేకపోయినా కార్పొరేటర్ సంతకంతో ఆధార్ వాళ్ల ఫారం నింపిస్తే చెల్లుతుందని బడిలో మేడం చెప్పారు. ఫారం మీద ఫొటో అంటించి సంతకం చేయించుకోవాలి, ఆ తేదీ నుంచి మూడు నెలల్లోపు ఆధార్ సెంటర్‌లో ఇవ్వాలి. ఈ సంగతి ముందే తెలిసుంటే ఏడు నెలలు ఊరికే పోయేవి కాదు. కార్పొరేటర్ దగ్గరికి పోతే ఏ ఇంట్లో ఉంటున్నారు, ఎవరైనా వచ్చి చెప్పాలి అన్నారు. ఓనర్ భార్య, ఆయన దుకాణానికి పోయిన టైం చూసి, నాతో నడిచి వచ్చి "మా ఇంట్లనే ఉంటున్నరు, జూన్ నుంచి" అని చెప్పింది. దారిలో మాత్రం "మా ఆయనకు చెప్పకు చెల్లె" అంది. సెంటర్‌లో మనిషికి యాభై రూపాయలు ఫీజు కట్టాం, కొన్ని రోజులకు అత్తమ్మ కార్డు మీద వరంగల్ అని వచ్చింది. ఆమె పింఛనుకు దరఖాస్తు ఇచ్చాం, ఇంకా రాలేదు.

మరి ఈ గది తీసుకోవచ్చా అంటే, ఒక్కరో ఇద్దరో వచ్చి రెండు మూడు నెలలుండి పోయేవాళ్లయితే తీసుకోండి. అడ్వాన్స్ లేకుండా, అన్ని ప్రశ్నలు అడగకుండా ఇల్లిచ్చేవాళ్లు వరంగల్‌లో మాకైతే ఇంకెవరూ దొరకలేదు. ఆ ఐదో రోజు రాత్రి ఈ గది లేకపోతే ఏం చేసేవాళ్లమో తెలియదు. పిల్లలు, పెద్దవాళ్లతో ఇక్కడే స్థిరపడదామని వచ్చేవాళ్లకైతే నేను చెప్పలేను. మాకు బంధువుల ఇల్లు ఉంది కాబట్టి ఇంకో పది రోజులు సర్దుకుని వెతికి ఉండాల్సింది, అది లేనివాళ్ల పరిస్థితి వేరు.

ఇప్పుడున్నది రెండు సందుల అవతల. కిరాయి వెయ్యి ఎక్కువ, రెండు నెలల అడ్వాన్స్, నీళ్లు రోజు విడిచి రోజు. దిగక ముందే వంద రూపాయల స్టాంపు పేపర్ మీద పదకొండు నెలలకు రాయించుకున్నాం. ఇక్కడ అందరూ పదకొండే రాస్తారు. ఆధార్‌కు రిజిస్టరైనదే కావాలని మాకు చెప్పారు, ఇది అది కాదు, అయినా ఎవరైనా మీరెక్కడ ఉంటున్నారని అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉంది. అత్తమ్మ దాన్ని తన ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది.