గ్రేడిల్ డీమన్ ఉన్నట్టుండి మాయమైతే: ఏళ్లుగా వాడుతున్నవాడి రివ్యూ

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లలో గ్రేడిల్‌ని (రాసిన కోడ్‌ని యాప్‌గా తయారుచేసే, అంటే బిల్డ్ చేసే టూల్) తిట్టుకోనివాళ్లు తక్కువ. నేనూ తిడతాను, వదల్లేను. 2013లో ఆండ్రాయిడ్ స్టూడియో వచ్చినప్పటి నుంచీ బిల్డ్ అంటే అదే కదా. స్పీడు, క్యాష్ లాంటివి చాలామంది రాసేశారు, వాటి జోలికి పోను. బిల్డ్ సగంలో ఉండగా "డీమన్ అనుకోకుండా మాయమైంది, ఎవరైనా చంపి ఉండొచ్చు లేదా క్రాష్ అయి ఉండొచ్చు" అనే అర్థం వచ్చే ఒక్క లైను పడేసి ఆగిపోతుందే, దాని గురించే ఇదంతా. (డీమన్ అంటే బిల్డ్ అయిపోయాక కూడా వెనకాల నడుస్తూ ఉండే గ్రేడిల్ ప్రాసెస్.) మళ్లీ రన్ కొడితే ఏమీ జరగనట్టు బిల్డ్ అయిపోతుంది. పక్కనున్నవాడిని పిలిచి చూపిద్దామంటే రాదు, రిలీజ్ రోజు మాత్రం తప్పకుండా వస్తుంది.

అప్పుడు అందరూ చేసేది ఒకటే: క్లీన్ చేయడం, క్యాష్ ఇన్‌వాలిడేట్ చేయడం, చివరికి గ్రేడిల్ తన డౌన్‌లోడ్లన్నీ దాచుకునే డాట్ గ్రేడిల్ ఫోల్డర్ మొత్తం లేపేయడం. లైబ్రరీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అయ్యేదాకా టీ తాగి వస్తే పని చేస్తుంది కూడా. కానీ తగ్గింది ఫోల్డర్ లేపేసినందుకు కాదు, ఈలోపు కొత్త డీమన్ మొదలైనందుకు. అసలు ఆ మెసేజ్‌లో చూడాల్సింది "లేదా" అన్న మాట. చంపితే ఒక దారి, దానంతట అది క్రాష్ అయితే ఇంకో దారి, ఏదో తేలకుండా ఎవరికి రిపోర్ట్ చేసినా దండగే.

నాకు ఎక్కువసార్లు ఎదురైంది మొదటిదే. నాది లైనక్స్, 16 జీబీ ర్యామ్. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని, పక్కనే జావా పేరు కనిపించింది (గ్రేడిల్ నడిచేది జావా మీదే). మెమరీ చాలక కెర్నలే చంపేసిందన్నమాట. (ఉబుంటు 22.04 నుంచి సిస్టమ్‌డీ ఊమ్‌డీ అనే సర్వీసు కూడా ఈ పని చేస్తుంది, దాని జాడ సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో వెతకాలి.) మరి రోజూ ఎందుకు రాదు? స్టూడియో తన జేడీకేతో (జావా కిట్) ఒక డీమన్‌ని నడుపుతుంది, టెర్మినల్‌లో జావా హోమ్ (ఏ జేడీకే వాడాలో చెప్పే సెట్టింగ్) వేరేగా ఉంటే అక్కడ ఇంకో డీమన్ లేస్తుంది, పని లేకపోయినా అది డిఫాల్ట్‌గా 3 గంటలు మెమరీ పట్టుకుని కూర్చుంటుంది. దానికి తోడు కోట్లిన్ కోడ్‌ని కంపైల్ చేసే కోట్లిన్ డీమన్, మనం విడిగా చెప్పకపోతే అదీ గ్రేడిల్‌కి ఇచ్చిన ఎక్స్‌ఎంఎక్స్‌నే (జావా వాడుకునే మెమరీకి, అంటే హీప్‌కి పెట్టే పరిమితి) తీసుకుంటుంది. ఆపైన ఎమ్యులేటర్, బ్రౌజర్. పొద్దున టెర్మినల్‌లో బిల్డ్ చేసిన రోజే మధ్యాహ్నం స్టూడియోలో చచ్చేది, చేయని రోజు హాయిగా నడిచేది. గ్రేడిల్‌ని స్టేటస్ అడిగితే రెండు డీమన్లూ వరసగా కనిపించాయి.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా "ఎక్స్‌ఎంఎక్స్ పెంచు". పెంచితే ఇంకా త్వరగా చస్తుంది! హీప్ నిండితే జావానే అవుట్ ఆఫ్ మెమరీ ఎరర్ ఇస్తుంది, ఆ కథ వేరు. ఇక్కడ నిండింది మెషీన్. రెండు చోట్లా ఒకే జేడీకే పెట్టి, కోట్లిన్‌కి విడిగా తక్కువ ఇచ్చి, ఒకేసారి పనిచేసే వర్కర్ల సంఖ్య తగ్గించాను, మళ్లీ రాలేదు. సీఐ సర్వర్‌లో (బిల్డ్‌లని ఆటోమేటిక్‌గా నడిపే మెషీన్) ఎగ్జిట్ కోడ్ 137, అంటే ప్రాసెస్‌ని బలవంతంగా చంపేశారన్న గుర్తు, కనిపించినా ముందు మెమరీనే అనుమానించండి.

రెండో దారి అరుదు, కానీ అసలు టెన్షన్ దాంతోనే. జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లని నడిపేది) తనంతట తాను క్రాష్ అయితే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనో డీమన్ లాగ్‌లు ఉండే చోటో హెచ్‌ఎస్ ఎర్ (hs_err) అని మొదలయ్యే ఫైలొకటి వదిలి పోతుంది. కెర్నల్ చంపితే ఈ ఫైలు ఉండదు, తేడా పట్టేయడానికి ఇదే సులువు. మా టీమ్‌లో ఒకరి మెషీన్‌లో ఈ ఫైలు దొరికింది. క్రాష్ అయినప్పుడు నడుస్తున్న థ్రెడ్ సీ2 కంపైలర్‌దట, అంటే కోడ్ నడుస్తుండగా దాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే భాగం. ఏ మెథడ్ ఎన్నిసార్లు నడిచిందన్న దాన్ని బట్టి ఇది మారుతుంది, అందుకే కొత్తగా మొదలైన డీమన్‌లో ఎంత ప్రయత్నించినా రాదు. డీమన్‌ని ఆపకుండా, టాస్కులన్నీ మళ్లీ నడిచేలా రీరన్ ఫ్లాగ్ పెట్టి రాత్రంతా లూప్‌లో వదిలేస్తే పొద్దున్నకి ఆ క్రాష్ మళ్లీ దొరికింది.

అయితే దీన్ని రిపోర్ట్ చేయాల్సింది గ్రేడిల్‌కి కాదు, జేడీకే ఇచ్చినవాళ్లకి. ఆ ఫైలు, పక్కనే పడే రీప్లే ఫైలు (ఆ కంపైల్‌ని మళ్లీ నడిపి చూడటానికి పనికొచ్చేది), జేడీకే వెర్షన్ మొత్తం, ఎలా లూప్ చేశామో రెండు ముక్కల్లో రాసి పంపాం. పంపేముందు ఫైలు తెరిచి చదవండి బాబూ, అందులో కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు, యూజర్ పేరున్న ఫోల్డర్లు ఉంటాయి. డీబగ్ లాగ్ అయితే కీస్టోర్ (యాప్‌పై సంతకం చేసే కీలు ఉండే ఫైలు) పాస్‌వర్డ్ కూడా బయటపెట్టొచ్చు. బిల్డ్ స్కాన్ (బిల్డ్ వివరాలన్నీ ఉండే ఆన్‌లైన్ రిపోర్ట్) లింకు కూడా అంతే, కంపెనీ కోడ్‌తో పబ్లిక్ సర్వర్‌కి పంపేముందు అడిగి పంపండి. కొత్త అప్‌డేట్‌తో కూడా క్రాష్ వస్తోందా అని జేడీకే వాళ్లు అడిగారు, దానికి మారాం, ఆగింది. దానివల్లే ఆగిందని ఒట్టేసి చెప్పలేను.

రేటింగ్ అంటే అయిదుకి మూడున్నర ఇస్తాను. క్రాష్ లాగ్ కనబడితే ఆ ఫైలు ఎక్కడుందో గ్రేడిల్ చూపిస్తుంది, అది బాగుంది. ఫైలు లేనప్పుడు కూడా "మెమరీ ఒకసారి చూసుకోండి" అని ఇంకో లైను రాస్తే ఎంతమంది డాట్ గ్రేడిల్ ఫోల్డర్ బతికిపోతుందో.