విశాఖ నుంచి కార్డీలియా ఓడలో: ఓడ బాగుంది, మారాల్సింది మన పద్ధతులే

వర్షాకాలంలో మన విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగే కార్డీలియా ఎంప్రెస్ ఓడలో నేను, మా వారు, మా అత్తయ్య, మా ఆడపడుచు కుటుంబం కలిసి వెళ్ళొచ్చాం. పెట్టిన డబ్బుకు తగిన ప్రయాణమే. మళ్ళీ వెళ్దామంటే వెంటనే సూట్‌కేసు తీస్తాను. అయినా ఇక్కడ ఓడ గురించి కంటే ఓడలో మెలగాల్సిన తీరు గురించే ఎక్కువ రాస్తున్నాను. అక్కడ మన సంతోషం పెరిగినా తగ్గినా చాలావరకు తోటి ప్రయాణికుల వల్లే. నేను విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్ళినా నా కళ్ళు ముందు చూసేది శుభ్రత, నిద్ర, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళ మొహాలు. అవి చూసే ఇది రాస్తున్నాను.

ముందు టెర్మినల్ గురించి. ఔటర్ హార్బర్‌లో మన పోర్టు వాళ్ళు కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. దాదాపు 96 కోట్లు పెట్టారు, పెట్టినట్టే ఉంది. లోపల విశాలంగా ఉంది, చక్రాల కుర్చీ తోసుకెళ్ళడానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది వచ్చిందల్లా మాకు టికెట్లు చేసిన ఏజెంటుతోనే. గుర్తింపు కార్డుల జిరాక్సులు చాలన్నాడు. తీరా వెళ్తే అసలు కార్డు చూపించమన్నారు. మా ఆడపడుచు కొడుకు ఆధార్ ఇంట్లో ఉండిపోయింది. మర్రిపాలెం నుంచి ఎవరో బండి మీద తెచ్చి ఇచ్చేదాకా మా అందరి ప్రాణాలూ గేటు దగ్గరే ఉన్నాయి. కాబట్టి పిల్లలతో సహా అందరి అసలు కార్డులూ ఒకే సంచిలో పెట్టుకోండి. మీకిచ్చిన సమయానికే రండి. నాలుగు గంటల ముందే వచ్చి కూర్చుంటే మీకూ సుఖం లేదు, లైనుకూ సుఖం లేదు. సాగనంపడానికి చుట్టాలందరినీ పోర్టు గేటు దాకా తీసుకురాకండి, లోపలికి రానివ్వరు. ఆర్కే బీచ్‌లో నిలబడమనండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ సముద్రంలోకి వెళ్ళడం అక్కడి నుంచి కనిపిస్తుంది.

పెద్ద సామాను టెర్మినల్ దగ్గరే తీసుకుంటారు. అది క్యాబిన్‌కు చేరేసరికి గంటలు పట్టవచ్చు. బీపీ, షుగరు మాత్రలు, ఇన్సులిన్, కళ్ళద్దాలు, ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. అత్తయ్య మాత్రల డబ్బా నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఈ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో తయారైంది. అప్పుడు దీని పేరు నార్డిక్ ఎంప్రెస్. దాదాపు 48 వేల టన్నుల ఓడ. ఇప్పటి పెద్ద క్రూయిజ్ ఓడల పక్కన పెడితే చిన్నదే, కానీ మా అత్తయ్య కళ్ళకు మాత్రం ఊరంత కనిపించింది. ఆ కాలపు ఓడ కాబట్టి క్యాబిన్లు చిన్నవి, క్యాబిన్ల తలుపుల ముందు నడిచే వరండాలు ఇరుకు. అది తెలుసుకుని వెళ్తే బాధ ఉండదు. పెద్ద పెట్టెలు కాకుండా మడిచి మంచం కింద తోసేసే బ్యాగులు తెచ్చుకోండి. వరండాలో మాట్లాడిన ప్రతి మాటా తలుపు లోపలికి వినిపిస్తుందని మాత్రం మరిచిపోకండి. రాత్రి షో చూసి అర్ధరాత్రి దాటాక గుంపులుగా కేకలేసుకుంటూ వచ్చేవాళ్ళు, తలుపులు దబదబా వేసేవాళ్ళు, పిల్లల్ని వరండాలో పరుగులు తీయనిచ్చేవాళ్ళు, అందరూ మా అంతస్తులో ఉన్నారు. పండగ చేసుకోవడానికి డెక్ ఉంది, హాళ్ళున్నాయి. వరండా మాత్రం పడుకునేవాళ్ళది.

ఓడ బయల్దేరే ముందు చేయించే భద్రతా డ్రిల్లు గురించి గట్టిగా చెప్పాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాళ్ళకు తగిలి ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. అప్పటికి కొత్తగా ఎక్కిన వాళ్ళలో కొందరికి ఇంకా డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ ఈ డ్రిల్లు జరిగి తీరాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీకు చెప్పిన చోటికి వెళ్ళాలి, అంతే. మా చుట్టూ ఏం జరిగిందంటే, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో ఒకమ్మాయి ఓపికగా చూపిస్తుంటే సగం మంది ఫోనులో ఫొటోలు తీసుకుంటున్నారు, ఒకాయన బఫే ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నాడు. నేను మా పిల్లల చేత జాకెట్ కట్టించి, విప్పించి, మళ్ళీ కట్టించాను. క్యాబిన్ నుంచి మా చోటికి మెట్ల మీదుగా ఒకసారి నడిపించాను కూడా. మంటలొస్తే లిఫ్టు పనిచేయదు.

మంటల మాట వచ్చింది కాబట్టి. ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే కెటిలు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కొవ్వొత్తులు, అగరొత్తులు ఓడలోకి తేకూడదు. మా అత్తయ్య పొద్దున్నే దీపం పెట్టనిదే మంచినీళ్ళు తాగరు. "ఏటమ్మా, దేవుడికి దీపం కూడా ఎట్టనివ్వరేటి?" అన్నారు. కూర్చోబెట్టి చెప్పాను, "అత్తయ్యా, చుట్టూ నీళ్ళున్నా ఓడకు నిప్పే పెద్ద భయం, దిగి పారిపోవడానికి రోడ్డు లేదు కదా" అని. 2006లో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీ దగ్గర అంటుకున్న మంటలకు ఆర్పకుండా వదిలేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని తేల్చారు. ఆ సంగతీ చెప్పాను. అత్తయ్య అర్థం చేసుకున్నారు. పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషి ఒప్పుకున్నారు గానీ, మా పై బాల్కనీలో కుర్రాళ్ళు మాత్రం సిగరెట్ పీకలు సముద్రంలోకి విసురుతూనే ఉన్నారు. గాలికి అవి కింది బాల్కనీల్లోకి వస్తాయి. పొగ తాగేందుకు ఓడలో వేరే చోటుంటుంది, అక్కడే తాగండి.

ఇప్పుడు అందరూ నన్ను అడిగే ప్రశ్న, కడుపులో తిప్పుతుందా? వర్షాకాలం బంగాళాఖాతం కదా, తిప్పుతుంది. నైరుతి గాలికి ఎదురుగా దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఓడ ముందు భాగం లేస్తూ దిగుతూ ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు కాస్త నయం. ఊపు తక్కువగా ఉండేది ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో. ముసలివాళ్ళతో వెళ్తుంటే బుక్ చేసేటప్పుడే మధ్య భాగంలో, లిఫ్టుకు దగ్గర్లో క్యాబిన్ అడగండి. అద్దంలోంచి సముద్రం చూడాలనే సరదాతో చివరి క్యాబిన్ తీసుకుని పడుకుని లేవలేని వాళ్ళను చూశాను. వాంతుల మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే ఏం లాభం? ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. అవోమిన్ లాంటివి వేసుకుంటే మత్తుగా ఉంటుంది. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, కంట్లో ఒత్తిడి ఉన్నవాళ్ళు, పెద్ద వయసు వాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఉండకండి, నూనె వంటకాలు దట్టంగా తినకండి. ఇడ్లీ, బిస్కెట్లు, అల్లం ముక్క చాలు. డెక్ మీదికొచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ నిలబడితే చాలామందికి సర్దుకుంటుంది. ఫోను చూస్తూ కూర్చుంటే మాత్రం ఇంకా తిప్పుతుంది. వాంతి వచ్చేలా ఉంటే క్యాబిన్‌కు పరుగెత్తకుండా అక్కడున్న పనివాళ్ళకు చెప్పండి, సంచీ ఇస్తారు. సిగ్గుపడి దాచి ఎక్కడో చేసుకుంటే దాన్ని తుడవాల్సింది వాళ్ళే, పైగా అది రోగమా కాదా వాళ్ళకు తెలియదు.

రోగం మాట ఊరికే అనలేదు. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్ ఉంది. ఒకరికి వస్తే గరిటెల మీదుగా, తలుపు పిడుల మీదుగా పది మందికి పాకుతుంది. సానిటైజర్ దీన్ని సరిగ్గా చంపలేదు. సబ్బూ నీళ్ళతో చేతులు కడుక్కోవాల్సిందే. బఫేలో అందరూ పట్టుకునే గరిటె ఒకటే కదా, కాబట్టి తినే ముందే కాదు, వడ్డించుకునే ముందు కూడా కడుక్కోవాలి. ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓడ డాక్టరుకు చెప్పి క్యాబిన్‌లోనే ఉండాలి. సెలవు పాడవుతుందని దాచడం పక్కవాళ్ళకు చేసే అన్యాయం. అలాగే టాయిలెట్లు. ఓడలో గాలి ఒత్తిడితో లాగే టాయిలెట్లుంటాయి. ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలు అందులో వేస్తే ఒక్క గదిదే కాదు, ఆ వరసలో ఉన్న చాలా గదులవి మూసుకుపోతాయి. పక్కనే చెత్తబుట్ట ఉంటుంది.

భోజనం బాగుంది. శాకాహారులకు వేరుగా, జైనులకు వేరుగా వండుతారు. అత్తయ్యకు పప్పూ పెరుగన్నమూ దొరికాయి, ఆమెకు అవి చాలు. ఆవకాయ సీసా ఇంట్లోనే ఉంచి వెళ్ళాం, బయటి వంట ఓడలోకి తేకూడదు. నన్ను బాధపెట్టింది బఫేలో పళ్ళేలు. తిండి డబ్బు ముందే కట్టేశాం కదా అని కొండల్లా పెట్టుకుని సగం వదిలేస్తున్నారు. కొంచెం పెట్టుకుని మళ్ళీ వెళ్తే ఎవరూ వద్దనరు. తినడం అయిపోయాక టేబుల్ మీద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్లల తల్లికి చోటుండదు. మద్యం, స్పా, ఇంటర్నెట్ లాంటివి టికెట్లో కలవవు. రోజూ సాయంత్రం మీ ఖాతా ఎంతయ్యిందో చూసుకోండి, చివరి రోజు కౌంటర్ దగ్గర కేకలుండవు.

పూల్ దగ్గర పొద్దున్నే టవల్ వేసి కుర్చీ పట్టుకుని మధ్యాహ్నం దాకా కనిపించకపోవడం ఎక్కువగా చూశాను. లేచి వెళ్ళేటప్పుడు టవల్ తీసేయండి. పూల్‌లో దిగే ముందు షవర్ కింద నిలబడండి, తలకు కొబ్బరినూనెతో దిగకండి. మీ ఫోను పాటలు మీ చెవికే వినిపించనివ్వండి. లిఫ్టు దగ్గర లోపలివాళ్ళు బయటికొచ్చాకే ఎక్కండి. ఒక అంతస్తు దిగడానికి కుర్రవాళ్ళు లిఫ్టు ఎక్కితే అత్తయ్య లాంటి వాళ్ళు నిలబడే ఉండాలి.

మా క్యాబిన్ చూసిన అబ్బాయి గోవా వాడు. ఓడ పనివాళ్ళు నెలల తరబడి ఒప్పందం మీద సముద్రంలోనే ఉంటారు. డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళేది లేదు. మన దేశం 2015లో ఆమోదించిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే పద్నాలుగు గంటల పని చట్టానికి లోబడే ఉండవచ్చు. నైట్ డ్యూటీలు చేసిన దాన్ని, ఆ అలసట నాకు తెలుసు. చిటికెలు వేసి, "ఏయ్" అని పిలిచే వాళ్ళను చూస్తే నాకు కడుపు మండింది. "బాబూ" అనండి, పేరు చొక్కా మీదే ఉంటుంది, పేరుతో పిలవండి. గది శుభ్రం చేసే వేళకు మీరు బయటికి వెళ్తే ఆ అబ్బాయికి సగం పని తగ్గినట్టే. సర్వీస్ ఛార్జీ బిల్లులో ఉన్నా, మనసుకు నచ్చితే చివరి రోజు చేతికి కొంత ఇవ్వండి. అతని గురించి రెండు వాక్యాలు రాసి రిసెప్షన్‌లో ఇస్తే అది అతని ఉద్యోగానికి ఇంకా ఎక్కువ ఉపయోగం. మేము రెండూ చేశాం.

తీరం కనుమరుగయ్యాక ఫోను సిగ్నల్ పోతుంది. అప్పుడు ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు భయంకరంగా వస్తుంది, కాబట్టి ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి, ఫోను కలవలేదని కంగారుపడతారు.

పుదుచ్చేరి దగ్గర లోతు చాలక ఓడ దూరంగా లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్తారు. కెరటం మీద పడవా ఓడా ఒక్కలా కదలవు. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సంచి భుజాన ఉండాలి. నావికుడి అరచేతిని కాకుండా ముంజేతిని పట్టుకోండి, అతను మీ ముంజేతిని పట్టుకుంటాడు, జారదు. అతను "ఇప్పుడు" అన్నప్పుడే అడుగు వేయాలి, ముందూ వద్దు వెనకా వద్దు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను బలవంతంగా దింపకండి. అత్తయ్య, మా వారు ఓడలోనే ఉండిపోయారు. ఖాళీ డెక్ మీద కూర్చుని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. దిగిన వాళ్ళం తిరిగి రావాల్సిన వేళకు అరగంట ముందే జెట్టీ చేరాం. ఆలస్యమైన వాళ్ళ కోసం ఓడ ఆగదు.

చివరి రాత్రి పెట్టెలకు ట్యాగులు కట్టి క్యాబిన్ బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు, మందులు, కార్డులు బయటికి తీశాకే పెట్టండి. మా పక్క క్యాబిన్ ఆయన ప్యాంట్లన్నీ పెట్టెలో పంపేసి, పొద్దున్నే మా వారి దగ్గర ఒకటి అడిగి తీసుకుని వేసుకుని దిగారు. దిగే నంబరు పిలిచేదాకా మెట్ల దగ్గర గుమిగూడకండి. కూర్చుని టీ తాగండి, టీ ఆ వేళకు కూడా పోస్తూనే ఉంటారు.