పెన్షన్ ఉన్నోళ్ళకి బాగుంది, కుర్రాళ్ళకి సగమే పనికొచ్చింది: గొర్రెల పెంపకం ట్రైనింగ్ రివ్యూ

ఆర్మీ నుంచి వచ్చేశాక వ్యవసాయంలోకి దిగాలనుకునే మన ఫౌజీ అన్నలు చాలామంది ఈ ట్రైనింగుల గురించి అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను హవల్దార్‌గా రిటైర్ అయ్యాక ఊరికొచ్చి గొర్రెల ఫారం పెడదామని మా జిల్లాలో ఒక సెంటర్‌లో ఫ్రీ ట్రైనింగ్‌కి వెళ్ళా, నాతోపాటు మా మేనల్లుడు కూడా అదే బ్యాచ్. వాడు డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం సిటీకి పోకుండా ఊళ్ళోనే ఉంటా మామయ్యా అన్నోడు. సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే లోపం ఆ ఒక్కచోటే ఉందని అనుకోవద్దు.

ముందు మంచి సంగతి. పని నేర్పించడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. సార్ క్లాసులో బోర్డు మీద రాయడం తక్కువ, మందలోకి తీసుకెళ్ళి చూపించడం ఎక్కువ. పళ్ళు చూసి వయసు చెప్పడం, నట్టల మందు బరువుని బట్టి ఎంత పొయ్యాలి, పారుడు రోగం టీకా ఎప్పుడు, వానలు పడకముందే చిటుక రోగం టీకా ఎందుకు వేయించాలి (తొలకరి లేత గడ్డి ఆబగా మేసి బలంగా ఉన్న గొర్రెపిల్లే పొద్దునకల్లా చచ్చిపడి ఉంటది, చూసినోళ్ళకి తెలుస్తది ఆ బాధ) ఇవన్నీ చేత్తో చేయించారు. మేత మీద ఇంకా బాగా చెప్పారు, సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే వేసి ఊరుకుంటే సరిపోదు, దశరథ గడ్డి, అవిశ లాంటి పప్పుజాతి మేత కూడా ఉంటేనే పిల్లలు బరువు పెరుగుతాయి, దాణా ఖర్చు తగ్గుద్ది అని. నాకు అన్నిటికన్నా నచ్చింది కాటా సంగతి. సంతలో బేరగాడు కంటితో చూసి ధర చెప్తాడు, మనం కూడా కంటి లెక్కకే ఒప్పేసుకుంటాం, అందుకే అమ్మేముందు ప్రతి జీవాన్నీ కాటా వేసి రాసిపెట్టుకోండి అని సార్ పదేపదే చెప్పారు. మా ఫౌజీలకి రిజిస్టర్ రాయడం కొత్త కాదు కదా, బ్యాచ్‌లో ఆ పని మేమే బాగా చేశాం. భోజనం, రూములు ఓకే, దాని గురించి రాసేంత ఏం లేదు.

ఇక అసలు లోపం. కోర్సు అయిపోయాక గేటు దాటితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు, పైగా నాకూ మా మేనల్లుడికీ ఒకే పాఠం చెప్పి పంపేశారు. మా ఇద్దరి పరిస్థితి ఒకటి కాదండి. నాకు నెలనెలా పెన్షన్ పడుద్ది, మొదటి ఏడాది మంద మీద రూపాయి రాకపోయినా ఇల్లు నడుస్తది, ఈతలు వచ్చేదాకా ఆగగలను. వాడు ఆగలేడు. పట్టాదారు పాస్‌బుక్ వాళ్ళ నాన్న పేరు మీద, వాడి పేరున సెంటు లేదు, బ్యాంకుకి వెళ్తే ఫస్ట్ అడిగేది అదే. నేను ఫారం పేపర్లు పట్టుకెళ్తే పెన్షన్ అకౌంట్ చూసి కూర్చోమన్నారు, వాడినైతే అదే బ్యాంకులో నాన్నగారిని తీసుకురా అని పంపేశారు. అంత కష్టపడి నేర్చుకున్నోడి మొహం అప్పుడు చూడలేకపోయా.

క్లాసులో పశుపోషణకి కేంద్రం ఇచ్చే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ స్కీం గురించి గొప్పగా చెప్పారు, 100 గొర్రెలు 5 పొట్టేళ్ళ యూనిట్‌కి 50 శాతం సబ్సిడీ, గరిష్టంగా 10 లక్షలు అని. నిజమే, స్కీం మంచిదే. కానీ సబ్సిడీ ముందే చేతికి రాదు, రెండు విడతల్లో వస్తది, మిగతా సగం లోనైనా తెచ్చుకోవాలి సొంతమైనా పెట్టుకోవాలి, సొంత పొలం లేకపోతే లీజు కాగితమైనా చూపించాలి. కుర్రాళ్ళు 10 లక్షలు అనే మాట ఒక్కటే విని బయటికొచ్చారు. అదే 2025 జనవరి 1 నుంచి తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ లోన్ లిమిట్ 1.6 లక్షల నుంచి 2 లక్షలకి పెరిగింది, అనుబంధ రంగాలకి కూడా వర్తిస్తది, చిన్న మందతో మొదలెట్టేవాడికి కావాల్సింది ఇదీ, దీని ఊసే ఎత్తలేదు.

ఇంకో సంగతి నన్ను బాగా కలవరపెడుతోంది. 2022లో సైన్యంలో చేరడానికి అగ్నిపథ్ స్కీం వచ్చింది, నాలుగేళ్ళ సర్వీసు, పర్మనెంట్‌గా ఉంచేది 25 శాతం వరకే, మిగతా పిల్లలు సుమారు 11.71 లక్షల సేవా నిధితో (సర్వీసు అయ్యాక ఒకేసారి ఇచ్చే డబ్బు) బయటికొస్తారు, పెన్షన్ లేదు. అంటే వాళ్ళు ఫౌజీలే కానీ వాళ్ళ ఆర్థిక పరిస్థితి నాలా కాదు, మా మేనల్లుడిలాగే. తమ్ముళ్ళూ, ఆ డబ్బంతా షెడ్డు మీద పొయ్యొద్దు. షెడ్డు ఈనదు, గొర్రె ఈనుద్ది. ముందు మేత వెయ్యండి, తక్కువ జీవాలతో ఒక ఈత చూడండి, ఇంటి ఖర్చుకి ఏడాదికి సరిపడా పక్కన పెట్టుకోండి.

నా రేటింగ్ అడిగితే పెన్షన్ ఉన్న ఫౌజీలకి 5కి 4, కొత్త కుర్రాళ్ళకి 2.5. ఇంకా సర్వీసులో ఉన్నోళ్ళైతే రిటైర్ అవ్వకముందే డీజీఆర్ (ఫౌజీల పునరావాసం చూసే రక్షణ శాఖ విభాగం) రీసెటిల్‌మెంట్ కోర్సుల్లో వ్యవసాయానికి సంబంధించినవి ఏమున్నాయో యూనిట్‌లో కనుక్కోండి, జేసీవోలకి (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), జవాన్లకి ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. కుర్రాళ్ళు మాత్రం ట్రైనింగ్ అయ్యాక కృషి విజ్ఞాన కేంద్రాన్ని (రైతులకి సలహాలిచ్చే జిల్లా వ్యవసాయ కేంద్రం) వదలొద్దు. మా మేనల్లుడికి నిలదొక్కుకునే ధైర్యం వచ్చింది అక్కడి సైంటిస్టు ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడబట్టే. వాడు ఇప్పుడు వాళ్ళ నాన్న చేత లీజు కాగితం రాయించుకున్నాడు, లోన్ అప్లికేషన్ మళ్ళీ పెట్టాడు, ఈసారి నేను కూడా బ్యాంకుకి వెళ్తున్నా. ఏమైందో ఇక్కడే అప్‌డేట్ చేస్తా.