బడి బ్యాండు పిల్లలకు కచేరీలు చూపించడానికి అద్దె ప్రొజెక్టరు సెట్టు ఎలా ఉంది?

కోనసీమలో పెళ్లిళ్లకీ తీర్థాలకీ అద్దెకిచ్చే ప్రొజెక్టరు, స్పీకరు సెట్టే ఇది. బ్యాండు నేర్చుకునే పిల్లలకు పనికొస్తుందా అంటే, వస్తుంది. బ్లూటూత్ జోలికి మాత్రం పోకూడదు.

అసలు చిక్కంతా అక్కడే. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో, అయిదో వంతో వెనకబడుతుంది. మాటలకైతే పర్లేదు. సైడ్ డ్రమ్ మీద పుల్ల పడ్డాక ఎప్పటికో దెబ్బ వినిపిస్తే పిల్లలు చేతులు చూసి నేర్చుకునేదేముంది? అందుకే 3.5 ఎం.ఎం. వైరు (ఇయర్‌ఫోన్ పిన్ను లాంటిది ఉండేది) అడిగి మరీ తీసుకోండి.

సెట్టు తెచ్చే కుర్రాళ్లు స్పీకరును గది మూలన దించేసి పోతారు. మూలన ఉంటే బేస్ డ్రమ్ గుమ్‌గుమ్మంటూ క్లారినెట్‌ని మింగేస్తుంది. గోడలకు నాలుగడుగుల ఎడంగా, బల్ల మీద, పిల్లల చెవుల ఎత్తులో పెట్టండి. పెళ్లిలో పెంచి వదిలేసిన బేస్ మీటను మధ్యకు తిప్పండి.

కిటికీలకు దుప్పట్లు కడితే బొమ్మ బాగానే ఉంటుంది. లాంపు ప్రొజెక్టరైతే ఇన్వర్టరు మీదే నడపాలి. కరెంటు పోతే ఫ్యానూ ఆగి లాంపు వేడికి దెబ్బతింటుంది. వీడియో ముందే పెన్‌డ్రైవులో వేసుకోండి, వానల్లో నెట్టుని నమ్మలేం.

జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే సైనిక బ్యాండ్ల వేడుక బీటింగ్ రిట్రీట్ వీడియోలో అయిదు నిమిషాల ముక్క చాలు. మొదటిసారి ఊరికే చూడనివ్వండి. రెండోసారి డ్రమ్మర్ల మణికట్లే చూడమనండి. మూడోసారి శబ్దం కట్టేసి అడుగుల లెక్క నోటితో చెప్పించండి. తర్వాత మన సన్నాయి మేళం వేస్తే డోలు మీద ఒక చేతికి వేళ్ల తొడుగులు, ఇంకో చేతికి కర్ర ఎందుకో వాళ్లే అడుగుతారు.

స్టాండు కూడా కలిపి బేరమాడండి, విడిగా అడిగితే ఇంకో రేటు.