కరెంటు లేని కొండ మీద లాడ్జి: నీళ్లకి ఊట పైపా, ర్యామ్ పంపా, సోలారా?

వంజంగి, లంబసింగి మంచు చూడ్డానికి జనం ఎగబడ్డం మొదలయ్యాక ఏజెన్సీలో చిన్న చిన్న లాడ్జిలు బాగానే లేచాయి. పాడేరు అవతల మా ఫ్రెండ్ కూడా ఆరు రూములు వేద్దామనుకుంటున్నాడు, 1/70 ఏరియా కదా, అంటే గిరిజనేతరులకి భూమి అమ్మకూడదనే చట్టం ఉన్న చోటు, భూమి వాళ్ల తాతల నాటిదే, కాబట్టి ఆ గొడవ లేదు. కరెంటు లైను మాత్రం అక్కడిదాకా రాలేదు. రూముల డిజైన్ గీయించేశాడు గానీ నీళ్ల సంగతి అడిగితే "ఏదో పంపు పెట్టేద్దాంరా" అంటాడు.

ముందు ఎన్ని నీళ్లు కావాలో చూడండి. ఐఎస్ 1172 అనే మన దేశపు నీటి ప్రమాణం లెక్కలో హోటల్‌కి బెడ్‌కి 180 లీటర్లు, అంటే 12 మందికి 2,160, వంట, దుప్పట్లు ఉతకడం కలిపితే రోజుకి 2,500 అనుకోండి. బకెట్ స్నానాలైతే ఇంకా తగ్గుద్ది. వింటే పెద్దగా అనిపిస్తుంది కానీ నిమిషానికి 3 లీటర్లు కారే సన్నని ఊట కూడా రాత్రీ పగలూ కారితే 4,320 లీటర్లు, ఎవరూ దాన్ని లెక్కే చెయ్యరు.

అందుకే లాడ్జి కంటే పైన ఊట ఉంటే ఇంకేం ఆలోచించకండి, గ్రావిటీ పైపే. ఊట దగ్గర చిన్న మూతున్న తొట్టి, ఆ పక్కనే మట్టి దిగడానికి ఇంకో తొట్టి, అక్కడ్నించి 32 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, కింద సింటెక్స్, అంతే, డీజిల్ లేదు మోటార్ లేదు. కానీ జనం బోల్తా పడేది మూడు చోట్ల. ఒకటి, 10 మీటర్లు దిగితే 1 కేజీ ప్రెషర్, 100 మీటర్లు దిగితే 10 కేజీలు, పైపు చివర వాల్వు కట్టేస్తే 6 కేజీల ప్రెషర్ వరకే తట్టుకునే పైపు పగిలిపోద్ది, మధ్యలో పైన తెరిచి ఉన్న తొట్టి ఒకటి పెట్టి ప్రెషర్ తెంపాలి. రెండు, పైపు మధ్యలో గుట్టెక్కి దిగితే ఆ ఎత్తులో గాలి పట్టేస్తుంది, ఊటలో నీళ్లున్నా కింద చుక్క రాదు, అక్కడ ఎయిర్ వాల్వు ఉండాల్సిందే. మూడోది పోడు మంట, ఎండాకాలం కొండ తగలబెడితే పైన పరిచిన పైపు కరిగి అతుక్కుపోద్ది, కనీసం అడుగున్నర లోతులో పాతండి.

ఊట కింద ఉంటేనే అసలు తలనొప్పి. ర్యామ్ పంపు, అంటే పారే నీళ్ల తోపుతోనే నడిచే పంపు, దాని మీద నాకు మోజెక్కువ, దాచుకోను. గెడ్డలో (కొండవాగులో) నిమిషానికి 60 లీటర్లు 4 మీటర్ల కిందకి దూకితే, ఆ దూకుడుతోనే 40 మీటర్ల పైకి నిమిషానికి మూడున్నర లీటర్ల దాకా ఎక్కిస్తుంది, అంటే రోజుకి 5 వేలు, కరెంటు సున్నా. టక్ టక్‌మని రోజంతా కొట్టుకుంటూనే ఉంటుంది, అరిగేది వాల్వు రబ్బరే. కానీ ఎక్కించిన దానికి పదిహేనింతలు కిందకి వదిలేస్తుంది కాబట్టి గెడ్డ సన్నబడితే ఆగిపోద్ది. పైగా అది గెడ్డ ఒడ్డునే ఉండాలి, నేను దగ్గరుండి పెట్టించిన ఒకటి మొదటి తుపానుకే ఇనప పైపుతో సహా కొట్టుకుపోయింది, దిమ్మ మాత్రం మిగిలింది.

సోలార్‌కి ఆ భయం లేదు. 3 వేల లీటర్లు 60 మీటర్లు ఎక్కించడానికి ఒకటిన్నర యూనిట్ కరెంటు లోపే, 1 హెచ్‌పీ పంపు, వెయ్యి వాట్ల పైచిలుకు ప్యానెళ్లు సరిపోతాయి. బ్యాటరీ మాత్రం కొనకండి, పైన ట్యాంకు పెద్దది పెట్టుకుంటే అదే బ్యాటరీ. చలికాలం మంచు విడిచేసరికి తొమ్మిదో పదో అవుద్ది, అయినా మధ్యాహ్నం లోపు నిండుద్ది. వానాకాలం వారం రోజులు మబ్బు పట్టినప్పుడే ఇబ్బంది, కానీ అప్పుడు మీ రేకుల మీద పడేదే నీళ్లు కదా! 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్లు పడితే పోయేది పోగా 1,600 లీటర్లు వస్తాయి. ఎండ లేనప్పుడు వాన, వాన లేనప్పుడు ఎండ, ఆ జోడీ ముందు నా ర్యామ్ మోజు కూడా పక్కకి పోయింది. కప్పు నీళ్లొక్కటే నమ్ముకుంటే మాత్రం డిసెంబర్ నుంచి నాలుగైదు నెలలు దాచుకోడానికి చెరువంత ట్యాంకు కావాలి, అది అయ్యే పని కాదు.

జీపులో ట్యాంకేసుకుని తెచ్చుకోడం అంటారా, వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, రోజుకి రెండు మూడు ట్రిప్పులు ఆ రోడ్డు మీద. పైపు పగిలిన రోజుకి ఓకే.

ఏది పెట్టినా తాగేవి మరిగించండి, ఊట ఎంత తేటగా ఉన్నా పైన పశువులు తిరుగుతాయి. ఇంకోటి, మనం పైపు వేసే ఊట నీళ్లే కింద ఊరు తాగుతుంటే ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడాలి, మన తొట్టి నిండాక పొర్లే నీళ్లు మళ్లీ గెడ్డలోకే వదలాలి.

మావాడి చోట లాడ్జి పైన ఒక ఊట, కింద గెడ్డ, రెండూ ఉన్నాయి. పైది జనవరిలో చూసి మురిసిపోయాడు, జనవరిలో ప్రతి ఊటా బాగానే కారుద్ది. మే నెలలో బకెట్, ఫోన్‌లో టైమర్ పట్టుకుని కొలిచి చెప్పమన్నా, నిమిషానికి 2 లీటర్ల కంటే తక్కువొస్తే కింద సోలార్ కూడా తప్పదు. అప్పటిదాకా ఒక్క అడుగు పైపు కూడా కొనొద్దన్నా.